కాశింబీ గోడ

కాశింబీ మూడు రోజులు చెల్లెలితో మాట్లాడలేదు. జరిగిన తప్పు అదొక్కటే. దొంగతనం కాదు, అబద్ధం కాదు, ఒకరి నోటి దగ్గర కూడు లాక్కోవడం కాదు. మూడు రోజులు మాట మానేసింది, అంతే. ఆ మూడు రోజులే ఆమెను బతికినంతకాలం వెంటాడాయి.

ఎప్పటి మాట అంటారా? మన తాతల తాతలు ఇంకా ఉయ్యాల దిగని నాటి మాట. నల్లరేగడి నేలలో ఒక ఊరు, ఆ ఊరి చివర దూదేకుల వాడ. వాడలో ఒకే మట్టిగోడకు అటొక ఇల్లు, ఇటొక ఇల్లు. అటు అక్క కాశింబీ. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. ఇటు చెల్లెలు మాబున్ని, ఆమె మొగుడు హుసేను, ఒక ఎద్దుల బండి.

అక్క దూది ఏకేది. చెల్లెలు బొంతలు కుట్టేది. అక్క విల్లు పట్టి, కొయ్యగుండుతో నారిని కొడితే టంయ్, టంయ్, టంయ్ అని వాడంతా మోగేది.

రోజూ తెల్లవారగానే మాబున్ని రోకలితో గోడను మూడుసార్లు తట్టేది. లేచావా అని అడగడం అది. కాశింబీ అటునుంచి కొయ్యగుండుతో మూడుసార్లు తట్టేది. లేచానులే అని చెప్పడం అది. పెళ్లిళ్లు జరిగినా, చావులు జరిగినా, జ్వరంతో మూలుగుతున్నా ఆ తట్టడం మాత్రం ఆగలేదు.

వాళ్లమ్మ పోతూ వదిలింది ఒక్క చీర. పచ్చ అంచు నేతచీర. కాశింబీ ఇల్లు కురుస్తుందని దాన్ని చెల్లెలి పెట్టెలో దాచింది. పండగ పండక్కీ తీసి, ముఖానికి ఆనించుకుని, మళ్లీ మడిచి పెట్టేది.

ఒక ఏడు వానలు లేవు. పత్తి లేదు. చలి మాత్రం ఎప్పటికంటే ఎక్కువ. ఎటో పోతున్న ఒక సంచారి మనిషి మసీదు అరుగు మీద ఆడపిల్లను కన్నది. పసిగుడ్డుకు కప్పడానికి గుడ్డపేలిక లేదు. మాబున్ని ఇల్లంతా వెతికింది. పాత గుడ్డలన్నీ ఎప్పుడో బొంతలైపోయాయి. పెట్టె తెరిచింది. అమ్మ చీర తీసింది. దూది పరిచి, చీర మడత వేసి, పూట తిరక్కుండా చిన్న బొంత కుట్టి పసిదానికి కప్పి వచ్చింది.

పండగ రోజు కాశింబీ పెట్టె తెరిచింది.

"అమ్మ చీర ఏదే?"

"ఇచ్చేశానక్కా. మసీదు అరుగు మీద కన్నదే, ఆమె బిడ్డకు బొంత కుట్టి ఇచ్చాను. వాళ్లు వెళ్లిపోయారు."

"దారిన పోయేదానికి ఇచ్చావా? అది నీ ఒక్కదాని సొత్తా?"

"అమ్మ ఉంటే ఏం చేసేదక్కా? పెట్టెలో దాచేదా?"

ఆ మాట నిజం. నిజం కాబట్టే కాశింబీకి ఒళ్లు మండింది.

"నోరు బాగా లేచింది నీకు. పో! ఇక నీ గొంతు నా చెవిన పడగూడదు."

మాబున్ని పోయింది.

ఆ వాడ మసీదులో ఫకీరయ్య సాయిబు అని ఒక ముసలాయన ఉండేవాడు. ప్రతి శుక్రవారం జుమ్మా నమాజు అయ్యాక ఒక హదీసు, అంటే ప్రవక్త చెప్పిన మాట, వినిపించేవాడు. ఆడవాళ్లు బయట చెట్టునీడన కూర్చుని వినేవాళ్లు. ఆయన చెప్పినవాటిలో ఒకటి కాశింబీకి బాగా గుర్తుంది. "ప్రవక్త, ఆయనకు శాంతి కలగాలి, ఏమన్నారంటే, తోబుట్టువుతో మూడు రోజులకు మించి మాట మానుకోకూడదు. ఇద్దరిలో ముందు సలాం చెప్పినవాళ్లే మేలైనవాళ్లు."

కాశింబీ దాన్ని తనకు కావలసినట్టు మడత పెట్టుకుంది. మూడు రోజులన్నారుగా, నాకు రావలసిన కోపం మూడు రోజులూ పడతాను. మూడో రోజు పొద్దుగూకే ముందు నేనే పోయి సలాం చెబుతాను. కోపమూ తీరుతుంది, పుణ్యమూ దక్కుతుంది.

మొదటి రోజు మాబున్ని ఉలవచారు కాచింది. పొరుగింటికి అందేలా చారులో ఇంకాసిని నీళ్లు పోయమన్నదీ ప్రవక్త మాటే. గొంతు వినపడగూడదంది కదా అక్క. అందుకని ఏమీ మాట్లాడకుండా పెరటి గోడ మీద గిన్నె పెట్టి, గరిటెతో టింగుమనిపించి లోపలికి పోయింది.

కాశింబీ పిల్లి వైపు తిరిగింది. "చూశావటే? కొందరిది ఎంత పెద్ద చెయ్యో. చీరలూ పంచుతారు, చారూ పంచుతారు."

చారు గోడ మీదే చల్లారింది. ఇంకా గడువుంది కదా, అనుకుంది కాశింబీ.

రెండో రోజు మాబున్ని ఎదురింటి దస్తగిరమ్మను పంపింది.

"కాశింబీ, మీ చెల్లెలు ఒక్కసారి రానిస్తావా అని అడుగుతోంది. ఏదో చెప్పుకోవాలంట."

"రానక్కర్లేదు."

"అట్లాగా! నీ పొయ్యి పొగ ఇందాకటినుంచీ దాని ఇంట్లోకే పోతోంది. ఆ పొగకూ చెప్పు మరి, దాని గడప తొక్కొద్దని."

"నీ పొయ్యి సంగతి చూసుకో దస్తగిరమ్మా."

ఇంకా గడువుంది కదా, అనుకుంది కాశింబీ.

మూడో రోజు తెల్లవారింది. గోడకు అవతలినుంచి మూడు తట్లు. కాస్త ఆగి, మళ్లీ మూడు. ఇంకాస్త ఆగి, మళ్లీ మూడు. ఆ చివరివి మెల్లగా వినిపించాయి.

కాశింబీ చేతిలో కొయ్యగుండు ఉంది. ఎత్తింది. గోడదాకా తీసుకుపోయింది. ఇప్పుడు తడితే మూడు రోజులు నిండవే అనుకుంది. దించేసింది. ఎద్దుల మెడగంటలు మోగాయి. హుసేను గడ్డికి పోతున్నాడేమో అనుకుంది.

ఇంకా గడువుంది కదా.

సాయంత్రం తల దువ్వుకుంది. సజ్జరొట్టెలో బెల్లం నలిపి, కంచంలో పెట్టి, పైన గుడ్డ కప్పింది. సలాం ఎలా చెప్పాలో రెండుసార్లు లోలోపల అనుకుని చూసుకుంది. పొద్దు ఇంకా గూకలేదు. చెల్లెలి వాకిట్లోకి వెళ్లింది.

తలుపు గడియకు తాడు కట్టి ఉంది.

"ఇప్పుడా రావడం?" అంది దస్తగిరమ్మ వెనకనుంచి. "పొద్దున్నే బండి కట్టారు. ఇక్కడ పత్తీ లేదు, గడ్డీ లేదు. పడమటి దేశంలో ఎక్కడో పని దొరుకుతుందని హుసేను తీసుకుపోయాడు. నిన్న నీకు చెప్పుకోవాలన్నది అదే. పొద్దున గోడ తట్టింది, తట్టింది. లోపలికి పోయి పిలవవే అంటే, 'నా గొంతు వినగూడదంది అక్క, విననివ్వను' అని బండెక్కింది."

కంచంలో రొట్టె అలాగే ఉంది. బండి జాడ వాకిట్లోనుంచి పడమటికి పోయింది.

కాశింబీ ఫకీరయ్య సాయిబు దగ్గరికి పరుగెత్తింది.

"తాతా, నేను ప్రవక్త మాట తప్పలేదు. మూడో రోజు పొద్దుగూకక ముందే పోయాను."

"తప్పలేదమ్మా."

"మరి నాకెందుకు ఇట్లా అయింది?"

ముసలాయన గడ్డం నిమురుకున్నాడు. "బావికి గట్టు కడతారు చూడు, అది దాటితే మునుగుతారని కడతారు. ప్రతివాళ్లూ గట్టుదాకా పోయి నిలబడమని కాదమ్మా."

కాశింబీ వెనుదిరిగింది. ఇంటికొచ్చి విల్లు అందుకుంది.

ఉప్పుబండ్లవాళ్లు వస్తే అడిగింది. "మాబున్ని అని, ఎడమ బొటనవేలి నిండా సూది మచ్చలుంటాయి. చూశారా?" చూడలేదన్నారు. గాజులవాడు వస్తే అడిగింది. ఎన్నో చేతులకు గాజులు తొడిగాను, ఆ వేలు చూడలేదన్నాడు. దర్గా ఉరుసుకు పోయే ఫకీర్లను అడిగింది. దేవుణ్ణి వేడుకుంటాం, దువా చేస్తామన్నారు.

వానలొచ్చాయి. పత్తి వచ్చింది. మాబున్ని రాలేదు. కాశింబీ రోజూ తెల్లవారగానే గోడను మూడుసార్లు తట్టేది. అవతల ఖాళీ ఇంట్లో ఆ చప్పుడు తిరిగి తిరిగి ఆగిపోయేది. కాసేపు చెవి ఆనించి నిలబడేది. తర్వాత పనిలో పడేది.

జుట్టు ఏకిన దూదిలా అయ్యాక ఒక సాయంత్రం, మసీదు అరుగు మీద ఒక ముసలి సంచారి, పెళ్లికెదిగిన ఆమె కూతురు కనపడ్డారు. ఆ పిల్ల భుజాల మీద చిన్న బొంత. రంగు వెలిసిన పచ్చ అంచు.

కాశింబీ అరుగు దగ్గరికి పోయింది.

"ఇది ఎవరిచ్చారమ్మా?"

"ఈ ఊళ్లోనే, ఇద్దరు అక్కచెల్లెళ్లు ఇచ్చారు," అంది ముసలామె.

"ఇద్దరా?"

"వచ్చింది ఒక్కతే. కానీ, 'మా అమ్మ చీర ఇది, మా అక్కది, కుట్టు మాత్రమే నాది' అంది. దువా చేసేటప్పుడు మా అక్క పేరే చెప్పు అంది. ఈ పిల్ల రోజూ పడుకునే ముందు చెబుతుంది. కాశింబీ అని. ఆ తల్లి ఉందో పోయిందో మాకు తెలియదు."

"ఉంది," అంది కాశింబీ.

పిల్ల గబగబా బొంత తీసి చాచింది. "అవ్వా, మీ అమ్మదంట కదా. తీసుకో."

కాశింబీ చెయ్యి దానిమీద పడింది. వేలికి చెల్లెలి కుట్టు తగిలింది. దగ్గర దగ్గరగా, బియ్యపు గింజల్లాంటి కుట్లు.

"ఇచ్చినదాన్ని వెనక్కి తీసుకోవడం నీచమన్నారు ప్రవక్త," అంది. "ఇచ్చానో లేదో నాకే తెలియలేదు గానీ, ఇచ్చానని మా చెల్లెలు చెప్పిందిగా. మూల చిరిగింది. సూది ఇవ్వు, కుట్టి ఇస్తాను."

కుట్టు వేసింది. పళ్లతో దారం తెంపింది. బొంతను పిల్ల భుజాల మీద కప్పింది.

"రేపటినుంచి ఇంకో పేరూ చెప్పు తల్లీ. మాబున్ని."

మాబున్ని ఎన్నటికీ రాలేదు. కాశింబీ కూడా పోయింది. ఆ రెండిళ్లూ కూలాయి. గోడ మాత్రం ఉంది. మట్టిగోడ ఇన్నేళ్లు ఎలా నిలిచిందంటారా? ఏటా వానలు వెలిశాక ఆ వాడవాళ్లు దానికి మట్టి మెత్తుతారు. ఆ ఏడు ఎవరు ఎక్కువ పోట్లాడుకున్నారో వాళ్లిద్దరే మెత్తాలి. ఒకరు అటు, ఒకరు ఇటు. ముందు ఒకరు మూడుసార్లు తట్టాలి, అవతలివాళ్లు పలికాకే పని మొదలు. ఎవరైనా ముఖం తిప్పుకుని కూర్చుంటే వాడలో ఇప్పటికీ అడుగుతారు: "ఏం, గడువు చూసుకుంటున్నావా?"

ఇవేవీ కాశింబీ చెప్పి పోలేదు. ఆమె చేసింది ఒకటే. బొంత కనపడిన ఆ సాయంత్రం ఇంటికి నడుస్తూ, తనకిక గడువు వద్దనుకుంది. మర్నాడే కోళ్ల దగ్గర దస్తగిరమ్మతో గొడవైంది. దస్తగిరమ్మ రుసరుసలాడుతూ తన గడపదాకా వెళ్లిందో లేదో, వెనకనే కాశింబీ.

"సలాం అలైకుం, దస్తగిరమ్మా."

"ఏందే, ఇంకా నా కోపమే తీరలేదు!"

"నీది నువ్వు తీర్చుకో. నాది అయిపోయింది."

ఆ రోజునుంచి పోయేదాకా, ఎవరితో గొడవపడినా, తప్పు ఎవరిదైనా, ముందు సలాం కాశింబీదే.