చెమట పట్టని బుర్ర

ఒక రాజుగారి కొలువులో ఒక కంప్యూటరు ఉండేది. ఎవరు అర్జీ పెట్టుకున్నా తీర్పు అదే చెప్పేది. ఆలోచించడం రాజుల పని కాదని ఆయన గట్టి నమ్మకం.

ఒక ఎండాకాలం దాని బుర్ర వేడెక్కడం మొదలైంది. బుర్రంటే ప్రాసెసరు, లోపల కూర్చుని లెక్కలన్నీ వేసే చిన్న పలక. అది కాగిపోగానే, అర్జీ సగంలో ఉన్నా సరే, తెర నల్లబడి యంత్రం పడుకునేది. వరండాలో నిలబడ్డ జనం తమ గోడు మళ్ళీ మొదటినుంచి చెప్పుకోవాల్సి వచ్చేది.

యంత్రాన్ని చూసుకునే అధికారిణికి అసలు సంగతి తెలుసు. అర్జీలు దానికి పెద్ద బరువు కాదు. ఊరూరా కూడళ్ళలో నిలబెట్టే రాజుగారి నిలువెత్తు బొమ్మలు కూడా అదే గీయాలి. మీసంలో ప్రతి వెంట్రుకా విడివిడిగా మెరవాలని ఆజ్ఞ. బుర్ర కాగేది అక్కడ. ఎవరైనా అడిగితే చెబుదామనుకుంది. ఎవరూ అడగలేదు.

రాజుగారు సభ పిలిచి, బుర్రను గాలితో చల్లార్చాలో నీళ్ళతో చల్లార్చాలో తేల్చమన్నారు. సభ నిలువునా చీలింది.

బుర్ర మీద రేకుల దిమ్మ ఒకటి బిగించి, దానికో ఫ్యాను తగిలిస్తే చాలన్నారు గాలి పక్షంవాళ్ళు. చెడితే ఫ్యానే చెడుతుంది, ఇంకోటి పెట్టుకోవచ్చన్నారు. ఫ్యాను గోల రాజసభకు తగదనీ, సన్నటి గొట్టాల్లో నీళ్ళు తిప్పితే చడీచప్పుడూ ఉండదనీ నీళ్ళ పక్షంవాళ్ళు వాదించారు. గొట్టం కారిందంటే యంత్రమే పోతుందని గాలివాళ్ళు భయపెడితే, దిమ్మ బరువుకు లోపలి పలక వంగిపోతుందని నీళ్ళవాళ్ళు భయపెట్టారు. కొన్నాళ్ళకు ఇరుపక్షాలవాళ్ళూ పిల్లనిచ్చి పుచ్చుకోవడాలు మానేశారు. నోరెండిపోతున్నా సభలో మంచినీళ్ళు ముట్టని గాలిభక్తులు తయారయ్యారు.

చివరికి రాజుగారు అధికారిణిని అడిగారు. ఈ యంత్రానికి మంచి ఫ్యాను సరిపోతుందని ఆమె మెల్లగా చెప్పింది.

“ఆ దిమ్మలో రంగు దీపాలు వెలుగుతాయా?” అన్నారు రాజుగారు.

“పెద్దగా కనిపించవు ప్రభూ.”

“గొట్టాల్లో?”

“గొట్టాల వెంట ఎన్నైనా పెట్టుకోవచ్చు ప్రభూ.”

దాంతో చర్చ ముగిసింది.

అద్దాల పెట్టె వచ్చింది. నీలం దీపాల మధ్య గొట్టాలు మెలికలు తిరిగాయి. నీళ్ళు బుర్రలోని వేడిని మోసుకుపోయి ఒక రేకుల జల్లెడలో దింపుతాయి, జల్లెడ వెనకున్న ఫ్యాన్లు దాన్ని బయటికి నెడతాయి. ఫ్యాన్లు లేనిదే నీళ్ళ పద్ధతీ సాగదని అప్పుడు తెలిసింది కానీ, తెలిసినవాళ్ళు దాన్ని పైకి అనలేదు. ఆ వేడిగాలి రాజుగారి మొహానికి కొట్టింది. ఆయన చిరాకు పడి, దీన్ని ఎక్కడైనా పెట్టమన్నారు. అధికారిణి వరండా వైపు గోడ చూపించింది. వేడికి పోయే చోటంటూ ఒకటి కావాలి కదా అనుకుంది.

గోడకు కన్నం పెట్టి జల్లెడ బిగించారు. ఆ రోజునుంచి సభ చల్లగా ఉంది. యంత్రం ఒక్కసారి కూడా పడుకోలేదు. రాజుగారు ముచ్చటపడి, ఇకమీదట బొమ్మల్లో కనుబొమల వెంట్రుకలు కూడా మెరవాలన్నారు.

వరండా మాత్రం కుండలు కాల్చే ఆవంలా కాలింది. ఇంటి హద్దు తగాదా మీద రోజూ వచ్చే కుమ్మరి ఒకాయన, అధికారిణి బయటికి రావడం చూసి దగ్గరికొచ్చాడు.

“అమ్మగారూ, లోపల చల్లగా ఉంటుందంట గదా. ఆ చలవ కాస్త ఇటు రాదా?”

ఇటు వస్తున్నదేమిటో ఆమెకు తెలుసు. గోడ వైపు చూడకుండా, “అర్జీ పెట్టుకో, చూస్తారు,” అంది.

కుమ్మరి నిజంగానే పెట్టుకున్నాడు. వరండాలో ఉక్క భరించలేకపోతున్నామని రాయించాడు. అందరూ వేలిముద్రలు వేశారు. ఎందుకో ఆ అర్జీ రాజుగారి మనసుకు తగిలింది. తానే స్వయంగా యంత్రం ముందు కూర్చున్నారు.

“నా ప్రజలకు ఇంత ఉక్కపోత ఎందుకో బాగా ఆలోచించి చెప్పు,” అన్నారు.

యంత్రం ఆలోచన మొదలుపెట్టింది. ఇంత పెద్ద ప్రశ్న దానికి ఎన్నడూ తగల్లేదు. గొట్టాల్లో నీళ్ళు పరుగెత్తాయి, గోడలో ఫ్యాన్లు హోరుమన్నాయి. వరండాలో జనం వెనక్కి జరిగారు. జరగడానికి చోటు లేనివాళ్ళు కండువాలు మొహాన కప్పుకున్నారు. కుమ్మరి కూలబడిపోయాడు.

అధికారిణి గోడ మీద చెయ్యి వేసి, చటుక్కున తీసేసింది.

“ప్రభూ, దీన్ని కాసేపు ఆపితే మంచిదేమో.”

“ఎందుకు ఆపడం? ఇంత ఆలోచిస్తోంది, బుర్రకు చెమట పట్టిందా చూడు,” అన్నారు రాజుగారు గర్వంగా. సభ చప్పట్లు కొట్టింది. గాలి పక్షంవాళ్ళు అందరికంటే గట్టిగా కొట్టారు. ఇంకా లోతుగా ఆలోచించమని రాజుగారు యంత్రాన్ని హుషారు చేశారు.

అధికారిణి తలుపు తీసుకుని వరండాలోకి వచ్చింది. కుమ్మరి ఎవరి ఒళ్ళోనో తల పెట్టుకుని పడుకున్నాడు. కళ్ళు తెరిచి, జవాబు వచ్చిందా అని అడిగాడు.

“ఆలోచిస్తోంది,” అంది ఆమె.

వేడిగాలి ఆమె చెంపను తాకింది. ఒక్క క్షణం అక్కడే నిలబడింది. తర్వాత లోపలికి వెళ్ళి, చల్లదనం బయటికి పోకుండా తలుపు దగ్గరగా వేసింది.