దిండు కింది ఈనాము

ఒకానొక రాజ్యాన్ని ధీరసింహుడనే రాజు ఏలుతుండేవాడు. మంచివాడే. చెయ్యి కూడా పెద్దదే. కాని ఆ చెయ్యి చాచేటప్పుడు పదిమంది చూడాలి, బాకా ఊదాలి, భట్రాజులు "బహుపరాక్" అనాలి. చూసేవాళ్లు లేకపోతే బిచ్చగాడికి గుప్పెడు గింజలు కూడా వేసేవాడు కాదు. వేసినా ఎవరికి తెలుస్తుందని ఆయన బాధ.

ఎండలు ముదిరాయంటే రాజు పరివారంతో కొండమీది విడిదికి తరలివెళ్లేవాడు. ఆ విడిదిలో ఒక కట్టుబాటు ఉంది. పడకలు వేసేవాళ్లు, గదులు ఊడ్చేవాళ్లు, నీళ్లు కాచేవాళ్లు రాజు కంట పడకూడదు. రాజు షికారుకు వెళ్లగానే వాళ్లు పెరటి తలుపు తోసుకుని వచ్చేవారు. గంట మోగిందంటే రాజు వస్తున్నాడని గుర్తు. ఎక్కడి పని అక్కడ వదిలి, చీపుర్లు చంకన పెట్టుకుని వెనక గోడ చాటుకు పరిగెత్తేవారు.

రాజు వచ్చి చూస్తే దుప్పటి మీద ఒక్క ముడత ఉండదు, కూజా నిండా చల్లటి నీళ్లు ఉంటాయి. పొద్దు పొడిచినట్టే పడక కూడా దానంతట అదే పరుచుకుంటుందని ఆయన అనుకునేవాడు.

ఆ కొలువులో చిదంబరయ్య అని ఒక మాటకారి ఉండేవాడు. ముక్కుపొడుం పీల్చనిదే ఆయనకు మాట పెగలదు. విడిది ముగిసి ఇక దిగిపోవాలనుకుంటున్న రోజుల్లో ఒకనాడు, రాజుతో షికారుకు బయల్దేరి, పొడుం డబ్బా మరిచిపోయానని సగం దారిలో గుర్తొచ్చి వెనక్కి వచ్చాడు. తన గదిలో అడుగుపెట్టేసరికి తెర కింద రెండు పాదాలు కనిపించాయి.

"ఎవరమ్మా అక్కడ? బయటికి రా. నేను రాజును కాను, రాజు పెట్టింది తినేవాణ్ణి."

ఆ విడిదిలో పడకలు వేసే గవరమ్మ బెదురుతూ ఇవతలికి వచ్చింది. "గంట మోగనేదు బాబూ, అందుకే ఉండిపోనాను. మారాజుతో సెప్పకండి."

"చెప్పనులే. నా పొడుం డబ్బా చూశావా?"

"మీ దిండు కిందే ఉంది బాబూ. రోజూ అక్కడే మరిసిపోతారు."

డబ్బా దొరికిన సంబరంలో చిదంబరయ్య ఆమెను కుశలం అడిగాడు. పాపం, ఆమెను ఆ మాట అడిగినవాళ్లు ఆ మేడలో ఎవరూ లేరు. గవరమ్మ ఉన్నదంతా చెప్పేసింది.

"పెద్ద మారాజు ఉన్నప్పుడు ఎల్లేరోజు దిండు కింద ఏదోటి పెట్టేవోరు బాబూ. వానలు పడితే ఈ విడిదికి తాళమేసేత్తారు, మాకు కూలుండదు. ఆ డబ్బుతోనే మళ్లీ ఎండలొచ్చేదాకా గంజి తాగేవోళ్లం. ఈ మారాజొచ్చాక దిండు కింద పరుపే ఉంటంది. పోయిన వానల్లో పిల్లలకి అడవి దుంపలు తవ్వి పెట్టినాను. ఈయేడూ అంతేనేమో."

చిదంబరయ్య మనసు చివుక్కుమంది. దీని సంగతి తేల్చాల్సిందేనని అనుకున్నాడు. తన దిండు కింద తానూ ఏనాడూ ఏమీ పెట్టలేదన్న ముక్క మాత్రం ఆయనకు తట్టలేదు. పరోపకారులకు ఇలాంటివి కాస్త ఆలస్యంగా తడతాయి.

ఆనాడు మధ్యాహ్నం ఒక పాటగాడు వచ్చి పాడాడు. రాజు బాకాలు ఊదించి అతనికి ఒక వరహాల సంచి ఇచ్చాడు. అదే అదనుగా చిదంబరయ్య నోరు విప్పాడు.

"ప్రభూ, ఈ విడిదిలో పడకలు వేసేవాళ్లకు కూడా ఏదైనా ఇప్పిస్తే బాగుంటుందేమో."

"ఎవరికి? ఈ పాటగాడి పాట నా చెవులారా విన్నాను, ఇచ్చాను. వాళ్ల పని నేనెప్పుడు చూశాను? కంటికి కనిపించని పనికి ఈనామా?"

"పెద్ద మహారాజుగారు ఇచ్చేవారట."

"అయినా వాళ్లకు అక్కర్లేదయ్యా! నిరుడు దిండు కింద నా ఉంగరం ఉండిపోతే వాళ్లే పరుగున తెచ్చి భటుడి చేతికిచ్చారు. కావాలనుకునేవాళ్లు తెచ్చిస్తారా?"

నిజాయితీకి ఇంత చక్కని బహుమానం చిదంబరయ్య ఎక్కడా చూడలేదు. చిటికెడు పొడుం పీల్చి, వినయంగా అడిగాడు.

"పోనీ, వాళ్ల పని తమకు కనిపించేలా చేయిస్తే? పాటకచేరీ లాగే, బాకాలతో, భట్రాజులతో?"

బాకాలు అనగానే రాజు మీసం కదిలింది. "అలాగైతే సరే! రేపు పొద్దున్నే కానివ్వు. పూర్తిగా చూసి, మెచ్చి, ఇస్తాను. కచేరీ మధ్యలో లేచిపోయే అలవాటు మాకు లేదు."

తెల్లవారింది. రాజు హాయిగా గుర్రుపెడుతున్నాడు. తలాపున ఒక్కసారిగా బాకా మోగింది. రాజు ఉలిక్కిపడి లేచేసరికి ఎదురుగా గవరమ్మ, ఆమె వెనక చీపుర్లవాళ్లు, వాళ్ల వెనక డోలు సన్నాయి. ఒక భట్రాజు గొంతు సవరించుకున్నాడు.

"బహుపరాక్! మహారాజులవారి దుప్పటి లాగుచున్నారు! లేవవలెను ప్రభూ!"

రాజు లేచాడు. దుప్పటి దులిపారు. పరుపు దులిపారు. దిండును కర్రతో బాదుతుంటే, దెబ్బకొక డోలు వాయింపు. దూది ఎగిరి రాజు మీసంలో చిక్కుకుంది. ఆయన తుమ్మాడు. ఆ తుమ్ముకు కూడా సన్నాయి అందుకుంది.

"బహుపరాక్! ఆసనము కింద ఊడ్చుచున్నారు! పాదములెత్తవలెను ప్రభూ!"

రాజు పాదాలెత్తాడు. అటు ఊడ్చి ఇటు వచ్చారు. మళ్లీ ఎత్తాడు. ప్రాణం విసిగి తోటలోకి నడిచాడు. వెంటనే మేళమంతా కదిలింది. ఆయన కళ్లెదుటే దుప్పట్లు మడత పెట్టారు, మడత మడతకూ భట్రాజు ఒక పద్యం ఎత్తుకున్నాడు. మొహం కడుక్కుందామని రాజు స్నానాల గదికి పరిగెత్తి తలుపు వేసుకోబోయాడు. అక్కడ గంగాళాలు తోముతూ ఇంకో దండు సిద్ధంగా ఉంది.

"బహుపరాక్! మహారాజులవారి గంగాళమునకు చింతపండు పూయుచున్నారు!"

"ఆపండి!" రాజు అరుపుకు కొండ మారుమోగింది. "చిదంబరం! ఎక్కడ చచ్చావయ్యా? వీళ్లందరినీ పంపెయ్యి! ఎప్పట్లా నేను లేనప్పుడే చేసుకోమను! ఆ పాటగాడికి ఇచ్చినదానికి రెండింతలిస్తాను, నా కంట మాత్రం పడొద్దను!"

చిదంబరయ్య సైగ చేశాడు. గంట మోగింది. పనివాళ్లంతా రెప్పపాటులో గోడ చాటుకు వెళ్లిపోయారు. మేడంతా నిశ్శబ్దమైంది. రాజు నిట్టూర్చి కూర్చున్నాడు.

"అమ్మయ్య. ప్రాణం లేచొచ్చింది."

"అయితే ప్రభూ, నాదొక చిన్న సందేహం. కంటికి కనిపించని పనికి ఈనాము లేదన్నారు. ఇప్పుడేమో కంట పడకుండా చేస్తే రెండింతలంటున్నారు. ఏ మాట రాసుకోమంటారు?"

రాజు మీసంలోని దూదిని ఒక్కొక్క పోగే లాగేశాడు. తరవాత పకపకా నవ్వాడు.

"ఓడాను. ఇన్నాళ్లూ నా నిద్ర ఎవరి పుణ్యమో ఈ పూట తెలిసింది. ఏం చేద్దామో నువ్వే చెప్పు."

"పెద్ద మహారాజుగారి పద్ధతే మేలు ప్రభూ. ఈ విడిదిలో దిగిన వాళ్లెవరైనా సరే, వెళ్లేరోజు దిండు కింద శక్తికొద్దీ పెట్టాలి. దిండు కింద దొరికినది ఏదైనా సరే, పడక వేసినవాళ్లదే. ఇలా శాసనం చేయించండి."

రాజు అక్కడికక్కడే చాటింపు వేయించాడు. అందరూ విన్నారు, వినవలసినవాళ్లు తప్ప. గంట మోగింది కదా, వాళ్లంతా గోడ చాటున ఉన్నారు.

మర్నాడు పల్లకీలు కొండ దిగుతున్నాయి. రాజు తెర తీసి, పక్క పల్లకీలో ఉన్న చిదంబరయ్యను పిలిచాడు.

"నీ ఈనాము అందిందా? నీ దిండు కింద పట్టు సంచి పెట్టించానే!"

చిదంబరయ్య పల్లకీలోంచి తల బయటపెట్టాడు. "దిండు ఎత్తి చూడలేదు ప్రభూ! పల్లకీ వెనక్కి తిప్పండర్రా!"

అంతలో వెనకనుంచి కేక వినిపించింది. "మారాజా! ఆగండి బాబూ! మరిసిపోనారు!"

గవరమ్మ కొంగు నడుముకు బిగించి, రొప్పుతూ పరుగెత్తుకు వచ్చింది. ఒడిలోంచి రెండు బరువైన సంచులు తీసి, తల వంచుకుని చేతులు చాచింది. "ఇయ్యి మీ దిండు కింద ఉండిపోనాయి."

వానల్లో దుంపలు తవ్విన కథ చిదంబరయ్య ముందురోజే ఆయనకు చెప్పాడు. ఆ మనిషే ఈ బరువు మోసుకుని కొండ దిగి వచ్చింది. రాజుకు సిగ్గేసింది, కళ్లు చెమర్చాయి. పల్లకీ దిగి, ఆ సంచులు ఆమె చేతుల్లోనే పెట్టి మూశాడు. బాకా లేదు, భట్రాజు లేడు.

"మరిచిపోలేదమ్మా. మీ అందరికీ అనే పెట్టాను. ఈసారి వానల్లో పిల్లలు అన్నమే తినాలి."

గవరమ్మ కళ్లు తుడుచుకుని, పట్టు సంచి ఒకటి తీసింది. "ఇది ఈ బాబుగారి దిండు కింద దొరికినాది."

"నాదే, నాదే!" అంటూ చిదంబరయ్య చెయ్యి చాచాడు.

"ఆగవయ్యా," అన్నాడు రాజు. "దిండు కింద దొరికినది ఎవరిదని శాసనం? చెప్పింది ఎవరు?"

చాచిన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"అది నేను పెట్టించింది. ఇంతకీ వస్తూ వస్తూ నీ దిండు కింద నువ్వేం పెట్టి వచ్చావు?"

జవాబు గవరమ్మే ఇచ్చింది. "ఇది పెట్టినారు మారాజా," అని పొడుం డబ్బా చూపించింది.

రాజు కడుపు పట్టుకుని నవ్వాడు. బోయీలూ నవ్వారు. "శాసనం శాసనమే. పట్టు సంచీ నీదే, డబ్బా కూడా నీదేనమ్మా."

"సంచీ ఉంచుకుంటాను మారాజా. ఈ డబ్బా నాకెందుకు, తుమ్ములొత్తాయి. బాబుగారు మాకోసం శానా కట్టపడినారు, ఆరికే ఇచ్చేత్తాను." గవరమ్మ డబ్బాను రెండు చేతులా చిదంబరయ్యకు అందించింది.

రాజు తన భుజం మీది శాలువా తీసి ఆయనకు కప్పుతూ అడిగాడు. "ఏం చిదంబరం? ఈనాము అందిందా?"

చిదంబరయ్య డబ్బా తెరిచి, చిటికెడు పీల్చి, తాపీగా తుమ్మాడు.

"అందింది ప్రభూ. అదీ పదిమందీ చూస్తుండగా!"