మంగతాయి చెయ్యి, గుప్పెడు ధనియాలు

అనగనగనగా, కనుచూపు మేరా వరిచేలే ఉన్న ఒక ఊళ్ళో మంగతాయి అని ఒక కొత్త కోడలు ఉండేదిట. మనిషి చలాకీ, మాట మెత్తన. అత్తగారి పేరు పేరిందేవి. మంచిదే కానీ, తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అనే రకం.

ఆ ఇంట్లో ఒక ఆచారం ఉంది. ఏరువాకనాడు చేలో మొదటి పిడికెడు విత్తనం కొత్త కోడలే చల్లాలి. ఆ చెయ్యి మంచిదైతే పంట పండుతుందని వాళ్ళ నమ్మకం. ఈ పిల్ల చెయ్యి ఎలాంటిదో చూద్దామని, పేరిందేవి చలికాలంలోనే ఇన్ని ధనియాలిచ్చి, "పెరట్లో కొత్తిమీర మడి వెయ్యవే" అంది. పప్పులోంచి నువ్వు ఏరి కంచం అంచున పెడతావే, ఆ కొత్తిమీరే!

ఆ ధనియాలు ఊరికే ఇచ్చిందా? చేటలో చెరిగి, పగిలినవి ఏరి కోళ్ళకి వేసి, గుండ్రంగా నిండుగా ఉన్నవే ఇచ్చింది. వరి పండించేవాళ్ళు కదా, విరిగిన గింజ మొలవదని వాళ్ళకి ఉగ్గుపాలతోనే తెలుసు.

మంగతాయి మడి కట్టి చల్లింది. అప్పుడు కోళ్ళొచ్చి మడంతా కెలికిపోయాయి. ఆ తర్వాత చుట్టూ ముళ్ళకంప పెట్టి మళ్ళీ చల్లింది. నీళ్ళు పోసింది, ఎదురుచూసింది. ఒకటీ అరా బయటికొచ్చి తల వాల్చేశాయి.

అప్పుడు పేరిందేవి బుగ్గలు నొక్కుకుంది. "ఈ పిల్ల చేతిలో చలవ లేదు. ఏరువాకనాడు విత్తనాల బుట్ట మా ఆడపడుచే పట్టుకుంటుంది" అని వీధంతా చాటింది.

పాపం, మంగతాయి తన అరచేతులు చూసుకుని ఏడ్చింది. విత్తనం ముట్టనివ్వని కోడలికి ఆ ఇంట్లో ఏం మర్యాద ఉంటుంది చెప్పు? చేతికి మంచేమిటి, చెడ్డేమిటి, నా మొహం! పనిచేసే చెయ్యే మంచి చెయ్యి. కానీ ఆ మాట దానికి చెప్పేవాళ్ళెవరు?

అంతలో మామగారు కామయ్యకి జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది గానీ నోరంతా చేదు. అన్నం చూస్తే మొహం తిప్పేసేవాడు. మనిషి సగమైపోయాడు. "ఇంత కొత్తిమీర పచ్చడుంటే నాలుగు మెతుకులు తినేవాణ్ణి" అనేవాడు. సంతలో కొన్నదేమో ఊరు చేరేసరికి వాడిపోయి గడ్డి వాసన కొట్టేది.

ఒకరోజు పొద్దున్నే మంగతాయి చారుపొడి దంచడానికి వెళ్ళింది. రోలు పక్కన, కడిగిన నీళ్ళు పారేచోట, పచ్చగా ఏవో మొలకలు కనిపించాయి. చిదిమి వాసన చూసింది. కొత్తిమీర! మెల్లిగా ఒకటి పెరికి చూస్తే దానికి సగం చిప్పే అంటుకుని ఉంది. పోయినసారి వేయించకుండా దంచినప్పుడు, రోకటి దెబ్బకి రెండుగా విడిపోయి ఎగిరిపడ్డ ధనియాలవి!

"ఓసినీ! ఒక్క గింజలో ఇద్దరు అక్కచెల్లెళ్ళు తలుపేసుకుని కూర్చున్నారన్నమాట!" అంది.

అప్పుడు ధనియాలు రోట్లో పోసి, రోకలి పైపైన ఆనించి బద్దలు చేసింది. ఆ తర్వాత రాత్రంతా నానబెట్టింది. ఆ తర్వాత మడిలో చల్లి మెత్తటి మట్టి కప్పింది. పేరిందేవి చూసి, "విరిగిన గింజ నాటుతోంది, దీనికి మతిపోయింది!" అని నెత్తి కొట్టుకుంది.

మతిపోయిందా? మట్టి కనపడకుండా మొలిచింది కొత్తిమీర! వాసన వీధి మలుపు దాకా వెళ్ళింది.

మంగతాయి లేత కాడలు కూడా పారెయ్యకుండా, వేయించిన మినప్పప్పు, ఎండుమిరపకాయలు, చింతపండు వేసి పచ్చడి నూరింది. వేడన్నంలో నెయ్యి వేసి కలిపి మామగారికి పెట్టింది. కామయ్య మొదటి ముద్ద అనుమానంగా తిన్నాడు. రెండో ముద్దకి కళ్ళు పెద్దవి చేశాడు. మూడో ముద్దకి నిటారుగా కూర్చుని, "ఏమేవ్! ఈ చెయ్యా మంచిది కాదన్నావు? మారు వడ్డించమను!" అని కేకేశాడు. ఆ గొంతు విని ఎన్నాళ్ళయిందో, పేరిందేవికి కన్నీళ్ళు ఆగలేదు.

ఏరువాక వచ్చింది. ఊరంతా చేల గట్ల మీదే ఉంది. పేరిందేవి తనే విత్తనాల బుట్ట తెచ్చి కోడలి చంకన పెట్టింది.

"అదేంటొదినా, ఆ పిల్ల చేతా?" అని ఆడపడుచు మూతి తిప్పింది.

"తప్పు నా కోడలి చేతిది కాదమ్మా, నేనిచ్చిన గింజది!" అంది పేరిందేవి, ఊరంతా వినేలా.

మంగతాయి గుప్పిట నిండా వడ్లు తీసి, "అత్తయ్యా, వీటిని కూడా దంచనా?" అంది.

పేరిందేవి పకపకా నవ్వింది. "వద్దే నా తల్లీ, వీటిని నిండుగానే చల్లు!"

మంగతాయి చెయ్యి ఎత్తి, పిడికిలి విప్పి, చేనంతా పడేలా విసిరింది. ఆ ఏడు ఆ ఇంటికి గాదెలు చాల్లేదు, వడ్లు వసారాలో పోసుకున్నారు.

కథ చేరె కంచికి, కాడ చేరె రోటికి,
కునుకు చేరె కంటికి, మనమిక ఇంటికి!