పరీక్ష ఖర్చు ఎవరిది?

ఏడు రాజ్యాల సభలు చూసిన ఈ కళ్ళతోనే ఇదీ చూశాను. కుమ్మరి గవరమ్మ కూతురు అచ్చికి చెవుడు. "దీనికి చదువు రాదు" అని పాఠశాల ఒజ్జ గెంటేశాడు. పిల్లకు చదువొస్తుందని గవరమ్మ రాజసభకొచ్చి మొరపెట్టుకుంది.

"వస్తుందంటావా? నీ ఖర్చుతో పరదేశ పండితుణ్ణి పిలిపించి నిరూపించు," అన్నాడు మహారాజు. అందుకు నూరు వరహాలు! గవరమ్మ ఇల్లమ్మినా పది రావు.

ఆమె చేతులు కట్టుకుంది. "చిత్తం ప్రభూ. ఒజ్జగారికి చదువు చెప్పడం రాదని నేనంటున్నాను. మరి ఆయనా తన ఖర్చుతోనే నిరూపించుకోవాలి కదా?"

ఒజ్జ మండిపడ్డాడు. "ఓసీ, రాదన్నది నువ్వు! ఖర్చుపెట్టి నిరూపించాల్సిందీ నువ్వే!"

నా గుండె చప్పుడు కోట బురుజుల దాకా వినిపించిందంటే నమ్మండి.

"ఒజ్జా, అచ్చికి రాదన్నది నువ్వు," అన్నాడు మహారాజు మెల్లగా.

ఒజ్జ ఖర్చుతోనే పండితుడొచ్చాడు. పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఇసుకలో అక్షరాలు రాసి చూపించాడు. నెల తిరిగేసరికి అచ్చి తన తల్లి పేరు రాసింది.