జోక్యం చేసుకోని సంఘం

తంగేడుగుట్ట జంతువులకు ఒక ప్రకృతి పరిశీలక సంఘం ఉండేది. ఆదివారం వచ్చిందంటే చాలు, మేతలూ వేటలూ మానేసి అందరూ వరసగా నడుస్తూ, ఎదురైన ప్రతిదాని ముందూ ఆగి ఆశ్చర్యపోయేవారు. గాడిద అప్పలస్వామి గడ్డిజాతుల మీద ఉపన్యాసం మొదలుపెట్టి, అది ముగిసేలోగా చూపించాల్సిన గడ్డంతా తినేసేవాడు. మొక్కలు నాటించే బాధ్యత మేకది. పొద్దున ఎంతో శ్రద్ధగా నాటించేది, సాయంత్రానికి అక్కడ మొక్క ఉన్న జాడే ఉండేది కాదు. అయినా ఎవరూ ఏమీ అనేవారు కారు. సంఘమంటే అందరికీ అంత ముద్దు.

మరీ ముద్దు పూరేడు పిట్ట సింగారికి. పిడికెడంత ప్రాణి, ఎక్కువ దూరం ఎగరలేదు, గడ్డిలో దాక్కుని బతకడమే దాని బతుకు. అలాంటిది గేదె పక్కన, గాడిద పక్కన సమానంగా నిలబడుతున్నానని లోలోపల పొంగిపోయేది.

సంఘానికి అధ్యక్షుడు నక్క భైరవయ్య. ఒక ఆదివారం ఆయన కొత్త రూలు తెచ్చాడు. ప్రకృతి తన పని తాను చేసుకుంటుంటే సభ్యులు చూడాలే తప్ప జోక్యం చేసుకోకూడదట. ఎవరైనా కదిలారో, పరిశీలనంతా పాడైపోతుందట. చివర్లో గొంతు సవరించుకుని ఇంకొకటి కలిపాడు.

“పరిశీలనలో ఉన్న జంతువు కేకలు పెట్టొచ్చు, బతిమాలొచ్చు. సభ్యులు మాత్రం చెవిన పెట్టకూడదు. అది ఎవరైనా సరే.”

ఎంత శాస్త్రీయంగా ఉందోనని అందరూ మురిసిపోయారు. ఒప్పుకుంటున్నామని అందరికన్నా ముందు రెక్క ఎత్తింది సింగారే.

మరుసటి ఆదివారం పరిశీలించాల్సిన విషయం, ఎవరు ఎవరిని తింటారన్నది. భైరవయ్య సభ్యులందరినీ తుమ్మచెట్ల వెనక నిలబెట్టి, సింగారిని మాత్రం ముందుకు రమ్మన్నాడు. తనకేదో సన్మానం అనుకుంది పిచ్చిది, ఈకలు సర్దుకుని మరీ వచ్చింది. ఆయన మూతి నాకుకోవడం చూశాక గానీ సంగతి బోధపడలేదు.

సింగారి చప్పున గేదె నాంచారమ్మ వైపు తిరిగింది. ఎండ మండినప్పుడల్లా అది తలదాచుకునేది ఆ గేదె నీడలోనే.

“అత్తా, నన్ను తినేస్తాడు. నువ్వు ఒక్క అడుగు ముందుకెయ్యి చాలు, ఆగిపోతాడు.”

నాంచారమ్మ కళ్లనిండా నీళ్లు. విననట్టు మొహం అటు తిప్పుకుని అంది, “ఏం చెయ్యనే తల్లీ, జోక్యం అయిపోదూ? ఆ రూలుకి ముందు రెక్కెత్తింది నువ్వే కదే.”

ఆ మాటతో సింగారికి భయం పోయి ఒళ్లు మండింది. ఈ మందను నమ్ముకుంటే లాభం లేదని పరుగు లంకించుకుంది. వెనకాలే నక్క. ఎదురుగా గీతవాళ్లు పారేసిన కల్లుకుండ అడ్డంగా పడి ఉంది. దానికి ఒక పక్క చిన్న చిల్లుందని గడ్డిలో తిరిగే సింగారికి తెలుసు. మూతిలోంచి దూరి చిల్లులోంచి బయటపడింది. భైరవయ్య ఆత్రంగా కుండలో తల దూర్చాడు. పోయిన తల మళ్లీ బయటికి రాలేదు.

ఎంత గింజుకున్నా లాభం లేకపోయింది. కుండతోనే లేచాడు, తుమ్మచెట్టుకు కొట్టుకున్నాడు, వెనక్కి పడ్డాడు, మళ్లీ లేచాడు. సభ్యులు ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. సంఘం పెట్టాక ఇంత మంచి ఆదివారం లేదని మేక గుసగుసలాడింది.

“రండయ్యా, కుండ పగలగొట్టండి,” అంటూ లోపల్నుంచి గొంతు గింగురుమంది.

ఎవరూ కదల్లేదు.

“అధ్యక్షుణ్ణి చెబుతున్నాను. ఆ రూలు రద్దు.”

గాడిద చాలా నొచ్చుకున్నాడు. “తమరిప్పుడు పరిశీలనలో ఉన్నారు అధ్యక్షా. తమరు చెప్పేది వినకూడదని తమరే సెలవిచ్చారు,” అన్నాడు. అన్నాక, అంటే తను విన్నట్టే కదా అని నాలిక్కరుచుకున్నాడు.

ఆ కేకలు విని గొర్రెలమంద దగ్గరి కుక్కలు వచ్చాయి. వాటికి సంఘమూ లేదు, రూలూ లేదు. భైరవయ్య దారి కనబడకుండానే గుట్ట దిగి పరిగెత్తాడు. అడుగున బండకు తగిలి కుండ పగిలేసరికి, ఆయన తోకలో సగం కుక్కల నోట్లో ఉంది. సభ్యులు దాన్నీ శ్రద్ధగా చూశారు.

అందరూ ఇళ్లకు మళ్లుతుంటే నాంచారమ్మ మెల్లగా సింగారి దగ్గరికొచ్చి, గండం గట్టెక్కావు తల్లీ అంటూ ముద్దు చేయబోయింది.

“నేను దొరికిపోయుంటే ఏం చేసేదానివత్తా?” అని అడిగింది సింగారి.

నాంచారమ్మకు అబద్ధం చేతకాదు. కాసేపు నెమరేస్తూ ఆలోచించింది. “చూస్తూ ఉండేదాన్నే. ఏడుస్తూ చూసేదాన్ని,” అంది.

సింగారి ఆ సాయంత్రమే గుట్ట అవతలికి వెళ్లిపోయింది. ఎంత ఎండ కాసినా మళ్లీ ఆ గేదె నీడకు రాలేదు.

భైరవయ్య సగం తోకతో పక్క గుట్ట చేరాడు. అక్కడి జంతువులు తామూ ఒక సంఘం పెట్టుకుంటామంటే, ఎవరు కేక వేసినా అందరూ పరిగెత్తుకు రావాలని మొదటి రూలు తనే చెప్పాడట. తంగేడుగుట్ట సంగతి అప్పటికే విన్న ఆ జంతువులు, ముందు ఆయన్ను గుట్ట దిగమన్నాయి.

పక్కవాడి మొర వినొద్దని రూలు పెట్టినవాడికి, తన మొర వినేవాడు మిగలడు.