సుద్దపొడిలో పాదాలు

నూకరత్నం వ్యాయామశాలలో చేరి నెల దాటింది. బరువులెత్తే ఇనుప కడ్డీని ఇంకా ముట్టుకోలేదు.

బంగారయ్య మాస్టారు రోజూ ఆమె చేతికి ఒక వెదురుకర్ర ఇచ్చేవారు. దాన్ని తలమీదికెత్తి గొంతుక్కూర్చోమనేవారు, లేవమనేవారు. ఒంటికాలి మీద నిలబడమనేవారు. బల్ల మీంచి దూకమనేవారు. కుంటుతూ చుట్టూ తిరిగి, కళ్లు చికిలించి చూసేవారు. "రేపు రా" అనడం తప్ప ఇంకేమీ అనేవారు కాదు.

రత్నానికి పదిహేనేళ్లు. జూట్‌మిల్లు గోడౌన్లో తండ్రి బస్తాకి ఒక కొస పట్టుకుంటే, రెండో కొస తను పట్టి లారీకెక్కించిన పిల్ల. తనకంటే వెనక చేరిన ఇందుమతి అప్పుడే నలభై కిలోలు ఎత్తుతోంది. జిల్లా ఎంపికలు రెండు నెలల్లో ఉన్నాయి. అందరి ముందూ ఆ కర్ర పట్టుకుని కూర్చుని లేస్తుంటే తల కొట్టేసినట్టుండేది.

కానీ లోపల కోపం కంటే భయమే ఎక్కువ. కిందటేడు కబడ్డీ ఆడుతుంటే కుడి చీలమండ బెణికింది. వాపు తగ్గింది గానీ కాలు మునుపటిలా వంగలేదు. చెబితే చేర్చుకోరని దాచింది. మాస్టారు కనిపెట్టేశారేమో, పొమ్మనలేక ఇలా రోజులు నెడుతున్నారేమో అని బెంగ.

ఒకరోజు ఉండబట్టలేక అడిగేసింది.

"నాకు బరువు ఎప్పుడిస్తారు మాస్టారూ? బలం లేదనుకుంటున్నారా?"

"బలం ఉంది. అదే నా దిగులు" అన్నారాయన.

అరచేతులకి రాసుకునే సుద్దపొడి తెచ్చి, బల్ల ముందు నల్లటి రబ్బరు పరుపు మీద పల్చగా చల్లారు.

"దూకమ్మా. దూకి, పక్కకి జరిగి నువ్వే చూడు."

దూకింది. ఎడమ పాదం అయిదు వేళ్లతో తిన్నగా పడింది. కుడిది బయటికి తిరిగి, లోపలివైపు ఒరిగి, చెదిరిపోయింది. మళ్లీ పొడి చల్లారు. మళ్లీ అదే.

"నన్ను పంపీస్తారా మాస్టారూ?"

ఆయన చెప్పులు విడిచి, ఆమె అడుగుల పక్కనే పొడిలో నాలుగడుగులు నడిచారు. ఎడమ పాదాలు చక్కగా అచ్చుపడ్డాయి. కుడి పాదం పడాల్సిన చోట ఈడ్చిన గీతలున్నాయి. ఆయన కుంటు వయసువల్లనే అనుకుంది రత్నం ఇన్నాళ్లూ.

"నీ ఈడులో నేను ఎత్తిన బరువుకి ఊరంతా చప్పట్లు కొట్టింది. కాళ్లకేసి ఎవరూ చూడలేదు" అన్నారు. తరవాత నెమ్మదిగా అడిగారు. "ఎప్పుడు బెణికింది?"

అంతే, ఏడాదిగా దాచిందంతా ఒక్క ఊపిరిలో చెప్పేసింది. చెబుతూ ఏడ్చింది. మాస్టారు మొహంలో విసుగు లేకపోవడం చూసి, ఏడుస్తూనే నవ్వింది.

"మరి ఎంపికలు?"

"ఏటేటా ఉంటాయి."

ఆమెని గోడ దగ్గరికి తీసుకెళ్లి, కుడి మడమ నేలకి ఆనించి, మోకాలు గోడకి తగిలేలా వంచమన్నారు. వంచింది. సగంలో చీలమండ కలుక్కుమంది. అలవాటుకొద్దీ పళ్లు బిగించబోయి, ఆగింది.

"అబ్బా! నొప్పి మాస్టారూ!" అని పైకే అరిచింది.

"ఆఁ, అక్కడ" అన్నారు మాస్టారు, పక్కనే నేలమీద కూర్చుంటూ. "అక్కణ్ణించి మొదలెడదాం."