కత్తిరించిన ఫొటో

వరదల్లో తీసిన ఫొటో పట్టుకుని ఫణీంద్ర ఉత్సాహంగా సులేమాన్ మాస్టారి ఇంటికి వచ్చాడు. మాస్టారు పత్రికలకి ఫొటోలు తీసి తీసి తల నెరిసిన మనిషి. ఫణీంద్రకి కెమెరా పట్టుకోవడం నేర్పింది ఆయనే.

ఫొటోలో ఒక లంక ఊరి ఆడమనిషి నడుంలోతు నీళ్లలో నిలబడి ఏడుస్తోంది. చుట్టూ ఎవరూ లేరు. వెనక ఆకాశం కాటుకలా ఉంది.

"ఆ రోజు మబ్బు ఇంత నల్లగా ఉందా?" అని అడిగారు మాస్టారు.

"కొంచెం నలుపు పెంచాను. పక్కనున్నవాళ్లని కత్తిరించేశాను. అలా లేకపోతే ఈ రోజుల్లో ఎవరూ ఆగి చూడరు మాస్టారూ. ఫొటోల పోటీకి పంపడానికి రేపే ఆఖరు. ఎలా ఉందో చెప్పండి."

మాస్టారు ఫొటోని కవర్లో పెట్టి తిరిగి ఇచ్చేశారు.

"ముందు ఈవిడకి చూపించు. నీ చేత్తో ఇచ్చి రా."

ఫణీంద్రకి ఒళ్లు మండింది. అయినా ఆయన మాట కొట్టేయలేడు. సాయంత్రానికి వచ్చి పంపొచ్చులే అనుకుని మర్నాడు పొద్దున్నే పడవెక్కాడు.

ఆమె పేరు మేరీరత్నమని రేవులో చెప్పారు. ఇంటి ముందు కుట్టుమిషను విప్పి, తుప్పు పట్టిన ముక్కల్ని కిరసనాయిలు గుడ్డతో తోముతోంది. ఫొటో తెచ్చానంటే సంబరంగా మంచం వాల్చింది. తీరా కవరు తియ్యడానికి అతనికి చెయ్యి రాలేదు. ఆమే అడిగి తీసుకుంది.

చాలాసేపు చూసింది.

"మా ఆడపడుచు ఏదండి? నా చెయ్యట్టుకునే ఉంది కదా."

అతను ఫొటో కత్తిరించిన అంచు వైపు చూశాడు.

"ఏడ్చానండి, నిజవే. ఏడ్చి ఊరుకున్నానా ఏంటి? ఇద్దరం కలిసి ఈ మిషను గట్టుకి మోసుకొచ్చాం. అప్పుడు మీరెక్కడున్నారండి?"

"వెళ్లిపోయానమ్మా."

ఆమె ఫొటో తిరిగిచ్చి గుడ్డ అందుకుంది.

"ఇంకో ఫొటో తీసుకోవచ్చా?" అన్నాడు ఫణీంద్ర.

"ఇప్పుడొద్దండి. మిషను తిరగనివ్వండి. అప్పుడు రండి, మా ఆడపడుచు కూడా ఉంటాది."

సాయంత్రం అతను తిరిగి వచ్చేసరికి మాస్టారు వసారాలో కూర్చుని ఉన్నారు.

"పోటీకి పంపేశావా?"

"లేదు మాస్టారూ," అన్నాడు ఫణీంద్ర. "ఫొటో ఇంకా తియ్యలేదు."